రాయచోటామె సంగటి

మా అమ్మకు వేవిళ్ళు పట్టుకున్న ఏడు జిద్దాలో సంగటి దొరికేది కాదు. ఇది నిజం. నా నోట్లోంచి వచ్చిన మాటను మా ఇంట్లో ఎవరూ అటూ ఇటూ తిప్పి చూడకుండా నమ్మరు కాబట్టి ముందే చెప్తున్నాను. నేను వానొస్తోందంటే మా ఆయన కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి చూసుకుంటాడు. మా పిల్లలకు నేను చెప్పిన కథల్లో ఒకసారి ఇసుక తుఫాను మా మిద్దె మీద ఆరేసిన చీరను ఎత్తుకుపోయి, తబూక్‌లో మా నాయన లారీ అద్దానికి చుట్టింది. చీర రెపరెపలను బట్టి మా అమ్మ కోపంగా ఉందని తెలుసుకుని ఆయన సరుకు దించకుండానే వెనక్కి తిరిగాడు. అట్లాంటివి నా దగ్గర వంద ఉన్నాయి. సంగటి కథను మాత్రం ఇప్పుడు కొత్తగా పెంచాల్సింది లేదు. పెంచాల్సిందంతా నా తొమ్మిదో ఏటనే పెంచేశాను.

మేమప్పుడు జిద్దా పాత ఊరు బలద్‌లో ఉండేవాళ్ళం. ఎవరో షావుకారు ఒకప్పుడు తన కొడుకులూ కోడళ్ళ కోసం కట్టించుకున్న పాత రాతి ఇల్లది. మా కాలానికి గదికొక కుటుంబం. మూడో అంతస్తులో మాది ఒకటిన్నర గది. ఆ అర గదే వంటిల్లు. మా నాయన ఒక బట్టల వ్యాపారి దగ్గర డ్రైవరు. ఆ వ్యాపారే మా కఫీలు, అంటే ఆయన సంతకం లేకుండా మేము ఆ దేశంలో గట్టిగా తుమ్మడానికి కూడా లేదు. తాన్లు వేసుకుని తబూక్ పోయాడంటే మా నాయన మళ్ళీ పది రోజులకు గానీ కనిపించేవాడు కాదు.

మా పైన, నాలుగో అంతస్తులో హైదరాబాదు ఖాలా ఉండేది. ఖాలా అంటే పిన్ని, కానీ వరసకు మాకేమీ కాదు. ఆ మెట్లు ఎక్కి దిగే ఆడవాళ్ళందరికీ ఆవిడ ఖాలాయే. మేము కడప జిల్లా దూదేకులవాళ్ళం, ఇంట్లో తెలుగు తప్ప ఇంకోటి తెలియదు. మా అమ్మ ఉర్దూలో రెండు ముక్కలు కూడబలుక్కుంటే ఖాలా నోటికి ఓణీ అడ్డం పెట్టుకునేది. "మీరు అసలు ముసల్మానులేనా, కాయితాల్లోనేనా" అని నవ్వుతూ అడిగేది. మా అమ్మ కూడా నవ్వేది. ఆవిడ పైకెళ్ళాక గిన్నెలు అవసరానికి మించి గట్టిగా తోమేది.

మూడో నెల వచ్చేసరికి మా అమ్మ కడుపులో ఏదీ నిలవడం లేదు. ఖాలా పలకరించడానికి వచ్చి, ఏం తినాలనుందని అడిగింది. మా అమ్మ ఆలోచించకుండా నిజం చెప్పేసింది.

"సంగటి ముద్ద, ఖాలా."

అదేమిటో ఆవిడకు వివరించాల్సి వచ్చింది. బియ్యం మెత్తగా ఉడికించి, పిండి పోసి, కట్టెతో గెలికి, తడి చేత్తో ముద్ద చేసి... మా అమ్మ ఉర్దూ అంత దూరం నడవలేక మధ్యలో చేతులతో గెలికి చూపించింది. ఖాలా అంతా విని, "అది బర్రెలకు పెడతారు కదమ్మా" అంది. వెక్కిరింపు కాదు, జాలిగానే అంది. ఆ రోజు నుంచి మా అమ్మ నోట సంగటి అన్న మాట రాలేదు. గంజి తాగేది, కక్కేది, గోడకు చేరగిలబడి కళ్ళు మూసుకునేది. ముంజేతి మీద గాజులు మోచేతి దాకా జారేవి.

ఇక సందు మొదటికి వద్దాం. అక్కడ ఒక ముసలామె, ఆమె మనవరాలు గోనెపట్టా పరుచుకుని గింజలమ్మేవాళ్ళు. పుచ్చగింజలు, పొద్దుతిరుగుడు గింజలు, వేయించిన చెనిక్కాయలు. వాళ్ళను తక్రూనీలు అనేవాళ్ళు. ఆ ముసలామె తాత ఆఫ్రికాలో పడమటి చివర నుంచి ఏళ్ళ తరబడి నడుచుకుంటూ హజ్‌కు వచ్చి, తిరిగి నడిచే ఓపిక లేక ఉండిపోయాడట. అప్పటి నుంచి అందరూ ఇక్కడే పుట్టారు. అయినా ఆ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కాయితం చేతిలో లేదు, పిల్లలకు బడి లేదు. ఖాలా వాళ్ళను హబ్షీలు అనేది. దుకాణాలవాళ్ళు అబీద్ అనేవాళ్ళు, బానిసలని అర్థం. ఆ మాటను గింజల ధర అడిగినంత మామూలుగా వాడేవాళ్ళు. మసీదు బయట చల్లనీళ్ళ కుళాయికి గొలుసుతో ఒక గ్లాసు కట్టి ఉండేది. ఆ పిల్ల తాగాక, వెనకున్నవాళ్ళు ఆ గ్లాసును మూడుసార్లు తొలిచి తాగేవాళ్ళు. తొలవాలని ఎక్కడా రాసి లేదు. అందరికీ తెలుసంతే.

మా అమ్మ కూడా ముందే చెప్పింది.

"ఆ నల్లోళ్ళ తట్టు పోగాకు అమ్మీ. వాళ్ళకు కాయితాల్లేవంట. వాళ్ళతో కనపడితే మన కాయితాలు గూడా అడుగుతారు."

"మనమేమన్నా తెల్లగుండామా, మా?"

"మన నలుపు వేరేలే."

ఎట్లా వేరో తేల్చుకుందామని నేనూ ఆ పిల్లా ఒకరోజు ముంజేతులు పక్కపక్కన పెట్టి చూసుకున్నాం. నాదే ఒక పిసరు ఎక్కువ. "కాకా, చూడు, ఇది నాకన్నా నలుపు" అని ఆ పిల్ల గెలిచినదానిలా వాళ్ళ అవ్వకు చూపించింది. వాళ్ళ భాషలో కాకా అంటే అవ్వ. మా ఇంట్లో కింది అంతస్తు తెలంగాణ డ్రైవర్లు ఒకరినొకరు కాకా అని పిలుచుకునేవాళ్ళు కాబట్టి, ఆ ముసలామె ముసుగేసుకున్న మగమనిషేమోనని నేను వారం రోజులు అనుమానంగా చూశాను.

ఆ పిల్లదీ నా వయసే. ముందు పన్ను ఒకటి సగం విరిగి ఉండేది. పేరు రాయను. మేము మాట్లాడుకున్నది వీధి అరబిక్కే, కానీ ఇన్నేళ్ళు నా బుర్రలో నానిపోయి, ఇప్పుడు తలుచుకుంటే ఆ పిల్ల కడప యాసలోనే మాట్లాడుతుంది. అట్లాగే రాస్తున్నాను. తెలుగు కూడా కొన్ని మాటలు నేర్పాను. మొదట నేర్పింది "గింజలు". మా కిటికీ కింద నిలబడి "గింజలో గింజలు" అని అరిచి దాక్కునేది. మా అమ్మ ఉలిక్కిపడి, కడప నుంచి ఎవరన్నా వచ్చారేమోనని కిటికీలోంచి తొంగి చూసేది.

ఒక మధ్యాహ్నం నేను స్కూలు బస్సు దిగి సందులోకి తిరిగాను. ఎండకు దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. కాకా ఒక అల్యూమినియం గిన్నె మూత తీసింది. ఆ పిల్ల అందులో చెయ్యి పెట్టి బూడిదరంగు ముద్దలోంచి కొంచెం తుంచి, జిగట జిగటగా ఉన్న పులుసులో ముంచి, నోట్లో వేసుకుని గుటుక్కున మింగింది. నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. నన్ను ఆపింది ముద్ద కాదు, ఆ మింగడం. సంగటిని మింగాలి. నమిలితే అది సంగటి కాకుండా పోతుంది. మా ఊరికి వచ్చిన కొత్తల్లుళ్ళు నములుతుంటే మా నాయనను కన్న జేజి నోరు మూసుకుని నవ్వడం నాకు గుర్తుంది.

"ఏందట్ల చూస్తాండావు?" అంది ఆ పిల్ల.

"నువ్వు నమల్లేదు."

"దీన్నెవరన్నా నముల్తారా?"

"మీకు సంగటి ఎట్ల తెలుసు?"

"సంగటంటే ఏంది? ఇది తువో."

"కాదు. సంగటే."

"తువో అంటాంటే."

కాకా మా ఇద్దరి తగువూ వినలేక గోనెపట్టా మీద నాకు చోటు చూపించింది. కూర్చున్నాను. జొన్నపిండితో చేసిన ముద్ద. పులుసు బెండకాయలది, అందులో ఎండుచేపల పొడి. నేను మింగుతుంటే కాకా నా గొంతు వైపే చూస్తూ ఉంది. ఒక ముద్ద పూర్తిగా లోపలికి పోయాక మనవరాలితో ఏదో అంది.

"ఏమంటాంది?"

"నిన్ను బాగా పెంచినోళ్ళుండారంట. నమలకుండా తినడం నేర్పినారంట."

ఆ మాటకు నేను మా అమ్మ సంగతి చెప్పాను. కడుపుతో ఉందని, ఏదీ నిలవడం లేదని, ఇది అడిగిందని, ఇది బర్రెల తిండని అనిపించుకుందని. కాకా మిగిలిన ముద్ద మీద మూత పెట్టి గిన్నె నా చేతికిచ్చేసింది. ఆ పూట వాళ్ళిద్దరూ ఏం తిన్నారో నేను అడగలేదు. అడగాలని ఇంకో పదేళ్ళకు గానీ తోచలేదు.

మెట్లెక్కుతూ కథ కట్టాను. మూడు అంతస్తులు చాలు నాకు.

"యాడిదే ఇది?" మా అమ్మ మూత తీసి లేచి కూర్చుంది.

"రాయచోటామె ఇచ్చింది."

"ఏ రాయచోటామె?"

"బస్సు దిగేకాడ పెద్ద ఇల్లుంది కదా, ఆ ఇంట్లో పనిచేస్తాది. నేను తెలుగులో లెక్కలు చెప్పుకుంటా వస్తాంటే విని పిలిచింది. ఆమె ఊరినుంచి పిండి తెచ్చుకుంది. ఎయిర్‌పోర్టులో పోలీసాయన ఇదేందని నాలిక మీద వేసుకుని చూసినాడంట."

మా అమ్మ అప్పటికే తింటోంది. గుటకకూ గుటకకూ మధ్య ఊపిరి తీసుకుంటోంది. నేను బక్కెట్టు పక్కన పెట్టుకుని వాంతి కోసం ఎదురుచూశాను. రాలేదు. మా అమ్మ చెయ్యి కడుక్కోకుండా అట్లాగే పడుకుని నిద్రపోయింది. నెల రోజుల్లో ఆమె పగలు నిద్రపోవడం అదే మొదలు.

అప్పటి నుంచి రెండు మూడు రోజులకొకసారి గిన్నె పైకి వచ్చేది. ఖాళీ గిన్నె పంపితే మర్యాద కాదని మా అమ్మ అందులో ఏదో ఒకటి వేసి పంపేది. ఎక్కువగా ఊరిబిండి. దానికి చెనిక్కాయలు ఎక్కడివంటే, కాకా దగ్గర నేను కొనుక్కొచ్చినవే. కాకా చెనిక్కాయలు మూడంతస్తులెక్కి, మిరపకాయలతో నలిగి, మళ్ళీ కాకా దగ్గరికే దిగేవి. కాకా మొదటిసారి వేలితో నాకి, ఓణీతో కళ్ళు తుడుచుకుని, "నోరు కాలిపోయింది, ఇంకా ఉంటే పెట్టమను" అని చెప్పి పంపింది. దాన్ని నేను పైకి మోసుకుపోయేసరికి "మా జేజి చేసినట్టే ఉంది అక్కా, అంటాంది రాయచోటామె" అయింది. మా అమ్మ మొహం వెలిగింది.

రాయచోటామె రోజురోజుకీ పెరిగింది. ఒక బంగారుపన్ను వచ్చింది. మొగుడు వదిలేశాడు. ఆమె మేడమ్‌కు పిల్లులంటే పిచ్చి, పిల్లులకు కూడా సంగటి అలవాటు చేసింది. మా అమ్మ ఆమె కోసం రెండుసార్లు ఏడ్చింది కూడా.

"పిల్లలెంతమంది ఆమెకు?"

"నలుగురు."

"మొన్న ముగ్గురంటివి."

"ఇద్దరు కవల పిల్లోళ్ళు మా. ఒగసారి ఒగరిగా లెక్కేస్తాది."

మా అమ్మ నన్నొకసారి చూసి, తిరగమోత వేసుకుంటూ అటు తిరిగింది. భుజాలు కదులుతున్నాయి. దగ్గుతోందనుకున్నాను.

కింద ఆ పిల్లకు కావలసింది ఒక్కటే. బిడ్డను ఎత్తుకోవడం. వాళ్ళ పిన్ని పిల్లలను వీపున గుడ్డతో కట్టుకుని మోసి మోసి అందులో ఆరితేరింది. కానీ వేరేవాళ్ళ పిల్లలను ఎవరూ ఇవ్వరు. ఒకసారి గింజలు ఏరుకుంటున్న ఒకావిడ చంకలో బిడ్డ జారిపోతుంటే ఈ పిల్ల చేతులు చాపిందట. ఆవిడ భుజం అటు తిప్పేసిందట.

"నా రంగు అంటుకుంటాదనుకునిందేమో" అని నవ్వింది. తర్వాత నవ్వకుండా అడిగింది. "మీ అమ్మకు పుడతాడు కదా, నాకు ఎత్తుకోనిస్తావా? ఊరికే ఒగసారి కాదు. వీపున కట్టుకుంటా. ఎవురూ లాక్కోకుండా, పొద్దు గూకేదాకా."

"ఎత్తుకుందువులే."

"ఒట్టా?"

"అల్లాతోడు."

అప్పటి నుంచి రోజూ నెలలు లెక్కపెట్టేది. గిన్నె తెచ్చినప్పుడు మా మెట్లలో మూడో మెట్టు దగ్గర ఆగిపోయేది. దానిపైకి ఎప్పుడూ రాలేదు. అక్కణ్ణించే తలెత్తి, "ఇంక ఎన్నాళ్ళు" అని అడిగేది. కట్టుకోవడానికి పసుపు పూల గుడ్డ ఒకటి కాకా దగ్గర సంపాదించింది. ఎవరూ ముట్టుకోకుండా మడిచి గింజల సంచి అడుగున దాచింది.

తమ్ముడు పుట్టాడు. నల్లగా, బలంగా, గుప్పెళ్ళు బిగించుకుని. ఏడో రోజు జుట్టు తీయించి, అఖీఖా అని మేకలు కోసి అందరికీ పెట్టే ఆనవాయితీ. ముందురోజు మా అమ్మ నన్ను దగ్గరికి పిలిచింది.

"రేపు ఆ రాయచోటామెను పిలుచుకురా."

"ఆమెకు సెలవియ్యరు మా."

"ఇస్తారు. సాయంత్రం అసర్ నమాజు అయినాక రమ్మను. అప్పటికి ఖాలా వాళ్ళంతా పోయింటారు. వీడు ఆమె సంగటితో నిలబడినోడు. ఆమె ఒళ్ళో పండబెడతా." బిడ్డ మీద గుడ్డ సర్దింది. "ఆమె ఎంట పిల్ల ఎవరన్నా ఉంటే, ఆ పిల్లను గూడా రమ్మను."

ఆ చివరి మాట నేను సరిగ్గా వినలేదు. అబద్ధాలు చెప్పేవాళ్ళకు ఇదొక చెవుడు. మన కథ పండిందన్న సంబరంలో ఎదుటివాళ్ళు చెప్పేది వినపడదు. నేను అనుకున్నదల్లా ఒక్కటే. వాళ్ళు వస్తారు, మా అమ్మ ఒక్క నిమిషం కోప్పడుతుంది, తర్వాత ఒళ్ళో పెట్టేస్తుంది. కానీ అసర్ దాకా ఆగితే వాళ్ళకు చల్లారిన అడుగు అన్నం, ఎముకలు మిగులుతాయి. కాకా నాకు ఎప్పుడూ పొగలు వచ్చే ముద్దే పెట్టింది. నేను మాత్రం చల్లారింది పెట్టడమా? కిందికి పోయి, "రేపు మధ్యాహ్నం జొహర్ నమాజు అయిపోతానే వచ్చేయండి, వేడివేడిగా తిందురు" అని చెప్పాను.

ఆ పిల్ల గోనెపట్టా మీద లేచి నిలబడి ఒక చుట్టు తిరిగింది.

మర్నాడు జొహర్ అయింది. గది నిండా ఆడవాళ్ళు. మధ్యలో పళ్ళేలు, బిర్యానీ, ఖాలా. మా అమ్మ మూల మంచం మీద బిడ్డను పక్కలో వేసుకుని ఉంది. తలుపు చప్పుడైంది. నేనే తీశాను.

కాకా తెల్లటి ఓణీ కప్పుకుని, మూడంతస్తుల ఆయాసంతో నిలబడి ఉంది. ఆమె వెనక ఆ పిల్ల. తలకు నూనె పెట్టి పాయలు పాయలుగా అల్లి ఉంది. భుజం మీద పసుపు పూల గుడ్డ. చేతుల్లో ఆ అల్యూమినియం గిన్నె.

"మాంసం వాసన ఎంత దూరం పోతుందో చూడండి" అంది ఖాలా ఉర్దూలో. ఎవరో నవ్వారు. ఒకామె పళ్ళెం జరుపుకుని కొంగు ఒళ్ళోకి లాక్కుంది.

మా అమ్మ గిన్నెను చూసింది. అయిదారు నెలలుగా తన చేత్తో కడిగి పంపుతున్న గిన్నె. తర్వాత నన్ను చూసింది.

"ఎవురు అమ్మీ వీళ్ళు?"

నాకు వంద కథలు వచ్చు. బంగారుపన్ను, పిల్లులు, కవలలు, అన్నీ వచ్చు. ఆ క్షణాన ఖాలా నా మొహంలోకి చూస్తోంది, గదంతా చూస్తోంది, నా నోట్లో ఒక్కటీ లేదు.

"గింజలమ్మేవాళ్ళు మా" అన్నాను.

తెలుగులోనే అన్నాను. ఆ పిల్లకు తెలుగులో ఏ మాట రాకపోయినా ఆ మాట వచ్చు. దాన్ని నేర్పింది నేనే.

మా అమ్మ బీదసాదలకని తీసి పెట్టిన మాంసం పొట్లాల్లో ఒకటి తెచ్చి ఇమ్మంది నాకు. ఇచ్చాను. కాకా దాన్ని కుడిచేత్తో అందుకుని, గడప అవతలి నుంచే బిడ్డ ఉన్న వైపు అరచేతులు చాపి దువా చేసింది. ఆ పిల్ల దువా చేయలేదు. మడమలెత్తి, నా భుజం మీదుగా మంచం వైపు చూసింది. అక్కణ్ణించి కనపడేది బిడ్డ కాదు, గుడ్డల మూట. గిన్నెను గడప పక్కన కింద పెట్టింది. ఇద్దరూ దిగిపోయారు. కాకా గోడ పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగడం వినిపిస్తూనే ఉంది.

"అది పారేయించు, ఎట్లా చేశారో ఏమో" అంది ఖాలా.

"సరే ఖాలా" అంది మా అమ్మ.

అందరూ వెళ్ళాక నేను వంటింట్లోకి పోయాను. మా అమ్మ పచ్చిబాలింత, చల్లటి నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఆ గిన్నెలోది తింటోంది. కళ్ళు కారుతున్నాయి, మింగుతోంది, మళ్ళీ తుంచుతోంది. నా వైపు చూడకుండానే అంది.

"అందరూ పోయినాక రమ్మని చెప్పినా కదే."

ఆ గిన్నె ఎవరిదో ఆమెకు మొదటి వారంలోనే తెలుసు. బెండకాయ పులుసులో ఎండుచేపల పొడి రాయచోటిలో ఎవరేస్తారు. చెక్క కిటికీలోంచి సందు మొదలు కనపడుతుంది. నేను గిన్నె పట్టుకుని ఎక్కడి నుంచి ఎక్కడికి నడిచేదాన్నో అన్నీ చూస్తూనే, రాయచోటామెకు పిల్లలెంతమందని నన్ను అడిగింది. రాయచోటామె ఉన్నంతకాలం మా అమ్మ ఎవరికీ భయపడకుండా ఆ ముద్ద తినగలిగింది. ఆ కథ నాకన్నా ఆమెకే ఎక్కువ అవసరం.

పెద్దయ్యాక ఒకసారి అడిగాను. తెలిసీ నన్నెందుకు అడిగావు, ఎవరు వీళ్ళని?

"నువ్వేదన్నా కథ చెప్తావనుకుంటి" అంది. "ఎప్పుడూ చెప్తావు కదా. రాయచోటామె పనిచేసే ఇంటోళ్ళనో, కఫీలు పంపించినాడనో, ఏదో ఒగటి. నువ్వు చెప్తే నేను లోపలికి రమ్మందును."

ఆ రోజు నేను నిజమే చెప్పాను మరి. వాళ్ళు గింజలమ్మేవాళ్ళే.

ఆ సాయంత్రం అసర్ అయ్యాక గిన్నె కడిగి, నిండా బిర్యానీ పెట్టి, మా అమ్మ నన్ను కిందికి పంపింది. ఆ పిల్ల పొట్లాలు చుడుతోంది.

"పైకి రా. మా అమ్మ పిలుస్తాంది. అందరూ పోయినారు. ఎత్తుకుందువు రా."

"ఏం గింజలు కావాల?" అంది.

నేను మళ్ళీ చెప్పాను. ఆ పిల్ల పుచ్చగింజలు పొట్లం నిండా పోసి, మడిచి, నా ముందు పెట్టింది. కాకా గిన్నె అందుకుని దువా చేసి, "నాకు మెట్లెక్కడం కష్టం బిడ్డా, మోకాళ్ళు" అంది. మధ్యాహ్నం అవే మోకాళ్ళతో మూడంతస్తులెక్కిన మనిషి.

కోపం లేదు వాళ్ళకు. ఉంటే బాగుండేది. కోపానికి నా దగ్గర మందుంది. కడుపు పట్టుకుని నవ్వేదాకా వదలకపోదును. ఆ తర్వాత నేను ఎప్పుడు పోయినా ఆ పిల్ల సలాం చెప్పేది, ఏం కావాలో అడిగేది, అందరికన్నా నిండుగా పోసేది. నా చెయ్యి తగలకుండా పొట్లం గోనెపట్టా మీద పెట్టేది. గిన్నె మళ్ళీ పైకి రాలేదు. నలభై రోజులయ్యాక మా అమ్మే అబాయా వేసుకుని దిగింది. కాకా ముందు నిలబడి సలాం చెప్పింది. కాకా సలాం చెప్పింది. ఇద్దరికీ కలిసిన భాష అంతవరకే. మా అమ్మ చెనిక్కాయలు కొనుక్కుని పైకి వచ్చేసింది.

ఆ తమ్ముడిప్పుడు ధహ్రాన్‌లో ఇంజినీరు. వాడికి ఈ కథ వేరేగా తెలుసు. ఒక తక్రూనీ పిల్ల వాణ్ణి పసుపు పూల గుడ్డతో వీపున కట్టుకుని బలద్ అంతా తిప్పిందని, దర్జీల వీధిలో కుట్టుమిషన్లు ఆపి మరీ చూశారని, సముద్రం దాకా తీసుకుపోయి చేపలకు చూపించిందని, పొద్దు గూకినా ఇవ్వనంటే మా నాయన బతిమాలుకుని తెచ్చుకున్నాడని. వాడు వాడి పిల్లలకు కూడా చెప్పుకున్నాడు. ఇదంతా నేనల్లిందే. ఏడాదికొక వీధి కలుపుతూ వచ్చాను. వచ్చే శుక్రవారం పిల్లలను తీసుకుని జిద్దాలో మా ఇంటికి వస్తున్నాడు. "అక్కా, ఆ అమ్మాయి నన్నెత్తుకున్న చోటు పిల్లలకు చూపించాలి" అని ఫోన్ చేశాడు. బలద్‌లో ఇప్పుడు పాత ఇళ్ళకు రంగులేసి దీపాలు పెట్టారు. కాకా కూర్చున్న చోట కాఫీ అంగడి ఉంది. చూపిస్తానన్నాను.

జరిగింది ఇది. తమ్ముడికి అడుగులు వచ్చిన కొత్త. వాణ్ణి సందులో నిలబెట్టి నేను చెప్పు పట్టీ సరిచేసుకుంటున్నాను. తలెత్తేసరికి వాడు అంత దూరాన తూలుకుంటూ పోతున్నాడు. తిన్నగా గోనెపట్టా దాకా పోయి, ఆ పిల్ల మోకాలు పట్టుకుని నిలబడ్డాడు. ఎత్తుకోమని రెండు చేతులూ పైకి చాపాడు. చుట్టూ ఎవరూ లేరు. ఖాలా లేదు, దుకాణాలు మూసి ఉన్నాయి, కాకా కునుకు తీస్తోంది.

ఆ పిల్ల చేతులు లేచాయి. నేను చూశాను, లేచాయి. వాడి చంకల దాకా వచ్చి ఆగాయి. తర్వాత ఆ రెండు చేతులనూ గింజల సంచిలోకి, మోచేతుల దాకా దించేసుకుంది.

"మీ పిల్లోణ్ణి తీసుకో" అంది. మెల్లగా, మర్యాదగా, తెలిసిన బేరగాళ్ళతో మాట్లాడినట్టే.

ఎత్తుకున్నాను. వాడు ఏడుపందుకున్నాడు. మూడో అంతస్తు దాకా నా భుజం మీద నుంచి కిందికి చేతులు చాపుతూనే ఉన్నాడు.